వాగు వైపు కిటికీ

ఆవిరి తాత అన్న పేరు ఆయనకు వీధి పెట్టింది. నలభై ఏళ్ళు బాయిలరు పక్కన నిలబడ్డ మనిషి. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు మూటలు మూటలుగా వచ్చిపడే లాండ్రీ ఆయనది. ఒక్క ఉతికే మిషనుతో మొదలుపెట్టి, షెడ్డు వెనక షెడ్డు వేసుకుంటూ వాగు ఒడ్డుదాకా పెంచాడు. భార్య పోయాక మూటలు తెచ్చే వ్యాను కొడుక్కి అప్పజెప్పాడు. బాయిలరు మాత్రం కోడలికి ఇచ్చాడు.

"బాయిలరు తనకెందుకు నాన్నా?" అని కొడుకు నసిగితే, "నువ్వు వ్యాను టైర్లో గాలి ఉందో లేదో చూసుకోవు. ఆ పిల్ల అడక్కుండానే మీటరు చూస్తుంది. నోరు మూసుకుని మూటలు మొయ్" అన్నాడు.

కోడలికి ఆయనే అన్నీ నేర్పాడు. బాయిలరు బాగున్నప్పుడు ఎలా గురక పెడుతుందో, బాగా లేనప్పుడు ఎలా దగ్గుతుందో చెవి ఆనించి వినిపించాడు. ఏ కుళాయి కట్టినా రెండుసార్లు కట్టించేవాడు. "మొదటిసారి చెయ్యి కడుతుంది. రెండోసారి బుర్ర కట్టాలి" అనేవాడు. ఆమె పరీక్ష రాసి బాయిలరు నడిపే సర్టిఫికెట్టు తెచ్చుకున్న రోజున వీధి ఈ చివర నుంచి ఆ చివరదాకా ప్రతి కొట్టు ముందూ ఆగి ఆ కాగితం చూపించాడు. ఆ రోజు నుంచి ఆమెను పేరు పెట్టి పిలవలేదు. "ఇంజనీరమ్మా" అనే పిలిచేవాడు.

ఆయన గది మేడమీద, వాగు వైపు. పొద్దున్నే కిటికీ తలుపులు బార్లా తీసి ముందు నీళ్ళ రంగు చూసేవాడు, తర్వాతే మొహం కడుక్కునేవాడు. లకుముకి పిట్ట ఒకటి ఎదుటి గట్టులో బొక్క చేసుకుని ఉండేది. అది నీళ్ళలోకి దూకి చేపతో లేస్తే ఆ రోజుకి ఆయన సగం పని అయిపోయినట్టే. సెలవు రోజున ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి వాగులో దిగి, రాళ్ళు తిరగేసి, కింద అంటుకున్న పురుగుల్ని కోడలికి చూపించేవాడు. "ఈ మూడు తోకల పురుగుందే, దీనికి మనకంటే పట్టింపు ఎక్కువ. నీళ్ళు ఏమాత్రం పాడైనా ఉండదు, మూటా ముల్లే సర్దేస్తుంది."

డెబ్బై దాటాక మరపు మొదలైంది. మొదట కళ్ళజోడు, తర్వాత వీధి, తర్వాత భార్య. "మీ అత్తయ్య ఇంకా రాలేదేంటి?" అని అడిగేవాడు. డాక్టరు జబ్బు పేరు చెప్పి, ఇక వెనక్కి రావడం ఉండదన్నాడు. ఒక్కో పనీ ఆయన చేతిలోంచి తీసేసుకుంటూ వచ్చారు. చివరికి ఒక్కటి మిగిలింది. సోమవారం పొద్దున ట్యాంకులో నీళ్ళు వదలడం.

బాయిలరుకి డీజిలు కావాలి. ఆ డీజిలు ట్యాంకు పెరట్లో దిమ్మ మీద ఉంది. ఎంత మంచి ట్యాంకులోనైనా అడుగున కాస్త నీరు చేరుతుంది. వారానికోసారి అడుగు కుళాయి తిప్పితే ముందు ఆ నీళ్ళు పోతాయి, వెనకే డీజిలు వస్తుంది, రాగానే కట్టెయ్యాలి. పొరపాటున కారితే బయటికి పోకుండా ట్యాంకు చుట్టూ మోకాలెత్తు గోడ ఉంది. గోడలో వాననీళ్ళు నిలిస్తే వదలడానికి దానికి వేరే కుళాయి ఉంది. అది వాగులోకి తెరుచుకుంటుంది కాబట్టి ఎప్పుడూ మూసే ఉండాలి.

"ఆ పెరటి తాళంచెవి కూడా దాచెయ్" అన్నాడు కొడుకు.

"అదొక్కటీ ఉండనివ్వండి. వారాలన్నీ మర్చిపోయినా సోమవారం ఒక్కటే ఆయనకి గుర్తుంది. నేను పక్కనే ఉంటాగా" అంది కోడలు.

పక్కనే ఉండేది. ఎనిమిది నెలలు ప్రతి సోమవారం ఉంది.

ఆ సోమవారం ముందు రోజంతా వాన. గోడలో నీళ్ళు నిలిచాయి. మామగారు ముందు గోడ కుళాయి తిప్పి వాననీళ్ళు వదిలాడు. తర్వాత ట్యాంకు అడుగు కుళాయి తిప్పాడు. అంతలో ముందు షెడ్డులోంచి కేక వినిపించింది. ఇస్త్రీ రోలర్ల మధ్య దుప్పటి చుట్టుకుపోయి మిషను ఆగింది, దుప్పటి మాడుతోంది.

"మామయ్యా, ఇక్కడే ఉండండి. రెండు నిమిషాల్లో వస్తా."

రెండు నిమిషాలు కాస్తా నలభై అయింది. మాడిన గుడ్డ పీలికలు పీలికలుగా పీకి, మిషను తిప్పించి ఆమె వచ్చేసరికి ఆయన వంటింట్లో కూర్చుని కాఫీ తాగుతున్నాడు.

"కట్టేశారా మామయ్యా?"

"ఏంటీ?"

"కుళాయి."

"కట్టకుండా వస్తానా ఇంజనీరమ్మా? నలభై ఏళ్ళ నుంచి కడుతున్నా!" అని నవ్వాడు. ఆమె కూడా నవ్వింది. వెళ్ళి చూడలేదు. వంటింటి గుమ్మం నుంచి ట్యాంకు పన్నెండు అడుగులు.

బాయిలరు పక్కన చిన్న తొట్టి ఒకటి ఉంటుంది. అది నిండుగా ఉండడంతో ఆ రోజంతా ఏమీ తెలియలేదు. మర్నాడు పొద్దున ముసురు పట్టి మామగారి కిటికీ మూసే ఉంది. పదకొండు గంటలకి బాయిలరు రెండుసార్లు దగ్గి ఆరిపోయింది. ఆమె పెరట్లోకి పరిగెత్తి ట్యాంకులో కడ్డీ ముంచి తీసింది. కడ్డీ పొడిగా వచ్చింది. రెండు కుళాయిలూ తెరిచే ఉన్నాయి. గొట్టం మీద మామగారి తువ్వాలు ఆరేసినట్టు వేలాడుతోంది. మూడున్నర వేల లీటర్ల డీజిలు ఒక రాత్రీ ఒక పగలూ పట్టి సన్నగా, చప్పుడు లేకుండా, వాగులోకి వెళ్ళిపోయింది.

అదే సమయానికి కింది ఒడ్డున ఉండే బాతుల పిన్ని గోనె గుడ్డలో ఒక బాతుని చుట్టుకుని రొప్పుతూ వచ్చింది. "అమ్మాయ్, మా బాతులకేదో అయింది. మునిగిపోతున్నాయే! బాతు మునగడమేంటే!"

వాగు మీద రంగులు కదులుతున్నాయి. అందంగా ఉన్నాయి. అదే కోడలు జన్మలో మర్చిపోలేని సంగతి. ఊదా, ఆకుపచ్చ, బంగారం, ఒకదానిలోకి ఒకటి జారుతూ. వాటి కింద చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి ఒడ్డుకి కొట్టుకొస్తున్నాయి. కప్పలు రాళ్ళ మీదికి ఎక్కి అక్కడే కూర్చుని చచ్చిపోయాయి. వాసనకి కళ్ళు మండుతున్నాయి.

ఆ మధ్యాహ్నం లాండ్రీ తొట్టెల్లో బాతుల్ని కడిగారు. గోరువెచ్చని నీళ్ళు, గిన్నెల సబ్బు, పళ్ళు తోముకునే బ్రష్షులు. ఆసుపత్రి దుప్పట్ల మీద ఎలాంటి మరకనైనా వదిలించే పనివాళ్ళు పదిమందీ వంగి ఈకల మధ్య వేళ్ళు పెట్టి రుద్దారు. ముప్ఫై ఒక్క బాతుల్లో తొమ్మిది బతికాయి. బాతుల పిన్ని ఏడవలేదు. చచ్చినవాటిని వరసగా పడుకోబెట్టి, ఒక్కోదాని మెడ సరిచేసింది.

సాయంత్రానికి పర్యావరణ శాఖ మేడమ్ మనుషులతో వచ్చింది. వాగుకి అడ్డంగా తేలే అడ్డుకట్టలు కట్టించింది, నూనె పీల్చే తెల్ల దిండ్లు నీళ్ళ మీద పరిపించింది. ఒడ్డున నిలబడే కాగితాలు తీసింది.

"కుళాయి ఎవరు తెరిచారు?"

కొడుకు నోరు తెరవబోయాడు. కోడలు అతని చెయ్యి పట్టుకుంది.

"బాయిలరు, ట్యాంకు రెండూ నా పేరు మీదున్నాయి. కట్టిందీ లేనిదీ చూడాల్సింది నేను. చూడలేదు" అంది.

మేడమ్ అలాగే రాసుకుంది.

మర్నాడు పొద్దున ఆవిరి తాత ఎప్పటిలాగే కిటికీ తలుపులు బార్లా తీశాడు. కింద ఉన్నవాళ్ళకి ఆయన కేక వినిపించింది.

"ఎవడ్రా ఈ పని చేసింది!"

చొక్కా కూడా వేసుకోకుండా మెట్లు దిగి వాగు దగ్గరికి పరిగెత్తాడు. చచ్చిన చేపని చేతిలోకి తీసుకుని బొటనవేలితో దాని మొప్పలు తెరిచి చూశాడు. నడి వయసులో భార్య పోయినప్పుడు కూడా గదిలో తలుపేసుకుని ఏడ్చిన మనిషి, పదిమంది ముందు వెక్కి వెక్కి ఏడ్చాడు. బతిమాలి పైకి తీసుకెళ్ళారు. మధ్యాహ్నానికి మర్చిపోయాడు.

ఆ మర్నాడు మళ్ళీ కిటికీ తీశాడు.

రోజూ అదే. రోజూ ఆయనకి అదే మొదటిసారి. కిటికీకి మేకులు కొట్టేద్దామని కొడుకు అన్నాడు. కొడితే ఇంకా గోల చేశాడు, చేతులతో తలుపు బాదాడు. వాసన ఎలాగూ లోపలికి వస్తూనే ఉంది. మేకులు పీకేశారు. "ఎవరు చేశారు?" అన్నదానికి ఎవరికి తోచింది వాళ్ళు చెప్పసాగారు. లారీ బోల్తా పడిందని కొడుకు చెప్పాడు. "డ్రైవరు బతికాడా?" అని ఆయన ఆదుర్దాపడి ఆసుపత్రికి బయల్దేరాడు. ఎక్కడో గొట్టం పగిలిందని పనివాళ్ళు చెప్పారు. ఎక్కడో చూపించమని వాళ్ళ వెంటపడ్డాడు. ఒక్కొక్కరు ఒక్కోటి చెప్పడంతో తన దగ్గర ఏదో దాస్తున్నారన్న అనుమానం మాత్రం ఆయనలో మిగిలింది. నిన్నటిది ఏదీ గుర్తులేకపోయినా ఆ అనుమానం గుర్తుంది.

మూడో వారంలో ఒక పొద్దున రోడ్డు దాటి ఎదురుగా ఉన్న మెకానిక్ షెడ్డుకి వెళ్ళాడు. మెకానిక్ ఏదో ఇంజను విప్పుకుంటూ ఉన్నాడు, మోచేతులదాకా నల్లటి ఆయిలు. ఆవిరి తాత ఆ చేతులు చూశాడు. పక్కనున్న రెంచి తీసుకుని కొట్టాడు.

కోడలు పరిగెత్తి వెళ్ళేసరికి మెకానిక్ మణికట్టు పట్టుకుని నేల మీద కూర్చుని ఉన్నాడు. "ఎముక కదిలినట్టుంది అక్కా" అన్నాడు పళ్ళ బిగువున. "పెద్దాయన, నా చిన్నప్పుడు ఈత నేర్పిన మనిషి. ఏమంటాను? కానీ రేపు ఇంకెవరినైనా కొడితే వాళ్ళు ఊరుకోరు."

రెంచి ఇంకా మామగారి చేతిలోనే ఉంది. "వాడే! వాడి చేతులు చూడు ఇంజనీరమ్మా, వాడి చేతులు చూడు!"

ఆమె ఆయన ఎదురుగా నిలబడి రెంచి మీద చెయ్యి వేసింది. "అతను కాదు మామయ్యా."

"మరెవరు?"

"నేను. ట్యాంకు కుళాయి తెరిచి వదిలేశాను."

ఆయన చాలాసేపు ఆమె మొహం వైపు చూశాడు.

"రెండోసారి చూడలేదా?"

"చూడలేదు." ఆ మాట నిజమే కాబట్టి తడబడకుండా చెప్పగలిగింది.

"నీకు నేర్పింది ఎవరు?"

"మీరే."

రెంచి వదిలేశాడు. తలవంచుకుని రోడ్డు దాటి, మేడ మెట్లెక్కి వెళ్ళిపోయాడు. పోనీలే, రేపటికి మర్చిపోతాడని అందరూ అనుకున్నారు. ఆమె కూడా అనుకుంది.

మర్చిపోలేదు. తిన్నదీ తిననిదీ, కొడుకు పేరూ, తన వయసూ, అన్నీ నీళ్ళలా జారిపోయిన ఆ బుర్రలో అదొక్కటీ నాటుకుపోయింది. ఇక పొద్దున కిటికీ తీసి కేకలు వెయ్యలేదు. ఎవరి మీదా పడలేదు. వాగు చూసి, పళ్ళు బిగించి, "ఆవిడేది?" అనేవాడు. ఇంజనీరమ్మ అన్న పిలుపు పోయింది. ఆవిడ. ఆవిడ పెట్టిన అన్నం తినేవాడు కాదు. ఆవిడ గదిలోకి వస్తే గోడ వైపు తిరిగి పడుకునేవాడు. కాఫీ గ్లాసు ఆమె చేత్తో అందిస్తే తీసుకుని, ఆమె కళ్ళముందే కిటికీలోంచి పారబోశాడు ఒకసారి. అప్పట్నుంచి ఆమె కంచం కలిపి గుమ్మం బయట నిలబడేది, కొడుకు లోపలికి పట్టుకెళ్ళి తనే చేశానని చెప్పి తినిపించేవాడు.

"ఇలా అవుతుందేమిటి?" అని కొడుకు డాక్టర్ని అడిగాడు. "సంగతులు పోయినా బాధ ఉండిపోతుంది కొందరిలో" అన్నాడు డాక్టరు. "ఏది పోవాలో ఏది ఉండాలో మన చేతిలో లేదు."

ఇంటికొచ్చి కొడుకు చొక్కా విప్పకుండానే అన్నాడు, "ఇవాళ నాన్నకి చెప్పేస్తాను. చేసింది తనే అని."

"చెప్పి?"

"చెప్పి ఏంటి? పదహారేళ్ళు చేశావు ఆయనకి. నిన్ను కుక్కని చూసినట్టు చూస్తుంటే నేను మెతుకులు ఎలా మింగను?"

"రేపు పొద్దునకి మర్చిపోతారు. రేపు మళ్ళీ చెప్తారా? ఎల్లుండి? రోజూ పొద్దున్నే లేచి ఆయన్ని రోజూ చంపుతారా?" అంది ఆమె. "నా మీద కోపంతో ఆయన బతగ్గలరు. తన మీద కోపంతో బతకలేరండీ."

అతను గోడకి తల ఆనించి నిలబడిపోయాడు. ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

వాగు పని ఏడాది పట్టింది. పైన తేలేది తీసెయ్యడం తేలికే అయింది. మట్టిలోకి ఇంకిందే రాలేదు. గట్టు మీద కాలు వేసి నొక్కితే అడుగుజాడలో రంగులు ఊరేవి. చివరికి రెండు వందల గజాల పొడవున గట్టు తవ్వెయ్యాలన్నారు. పొక్లెయిన్ వచ్చింది. రెల్లు దుబ్బులు, తుంగ, ఎదుటి గట్టులో లకుముకి పిట్ట బొక్క, అన్నీ ఆ ఇనప దోసిట్లోకి వెళ్ళి లారీల్లో పడ్డాయి. ఆవిరి తాత కిటికీలో నిలబడి ఆ ఏడు రోజులూ చూశాడు. "మట్టిని కూడా ఎత్తుకుపోతున్నారా?" అన్నాడు కొడుకుతో. కోపంగా కాదు, పిల్లాడు అడిగినట్టు.

లాండ్రీ సగానికి సగం తగ్గింది. బాయిలరు మార్చి గ్యాసు పెట్టారు. పాత ట్యాంకు కడిగి, ఎవరైనా కొనుక్కెళ్ళేదాకా పెరట్లోనే ఉంచారు.

రెండో ఏడు వానలు తగ్గాక కొత్తమట్టి పోసిన గట్టు మీద మొక్కలు నాటడం మొదలైంది. మేడమ్ ట్రేలలో రెల్లు పిలకలు, తుంగ పిలకలు తెప్పించింది. వీధిలో వాళ్ళు వచ్చారు. మెకానిక్ వచ్చాడు, బాతుల పిన్ని వచ్చింది. ఆవిరి తాతని కూడా కిందికి తీసుకొచ్చారు. బుర్ర మర్చిపోయినా ఆయన వేళ్ళకి పని గుర్తుంది. మట్టిలో గుంట చేసి, పిలక నిలబెట్టి, చుట్టూ నొక్కి, ఓసారి మెల్లగా లాగి చూసేవాడు, గట్టిగా ఉందో లేదో. ప్రతిదాన్నీ రెండోసారి లాగి చూసేవాడు.

కోడలు దూరంగా పనిచేసేది. మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, ముక్కుకి మాస్కు, నెత్తిన వెడల్పాటి టోపీ. ఒక పొద్దున బాతుల పిన్నికి నడుము పట్టేసింది. ఆవిరి తాతకి పిలకలు అందించడానికి మనిషి లేదు. "నువ్వే అందియ్యవే. ఆ వేషంలో నిన్ను ఎవరు గుర్తుపడతారు, నేనే పట్టలేదు" అంది పిన్ని.

ఆమె వెళ్ళి పక్కన కూర్చుంది. ఒక్కోటి అందించింది. ఆయన తీసుకున్నాడు. ఏడాదిన్నర తర్వాత ఆమె చేతిలోంచి ఆయన ఏదైనా తీసుకోవడం అదే.

"కొత్తగా చేరావా అమ్మా?" అన్నాడు కాసేపటికి.

ఆమె మాస్కు పైకి లాక్కుంది. "అవునండీ."

"బాగా అందిస్తున్నావు. వేరు విరక్కుండా పట్టుకుంటున్నావు. అందరికీ రాదది." ఇంకో రెండు నాటాడు. "మా కోడలుండేది. దాని చెయ్యీ ఇలాగే ఉండేది. బాయిలరు నడిపేది తెలుసా? సర్టిఫికెట్టు ఉంది దానికి."

"ఇప్పుడు లేదా అండీ?"

"ఉంది. నేనే మాట్లాడను." చేతిలో పిలకని అలా పట్టుకునే ఉండిపోయాడు. "ఈ వాగుని అదే పాడుచేసింది. కుళాయి కట్టలేదు. కావాలని చెయ్యలేదులే, నాకు తెలుసు. కానీ అమ్మా, ఆ చేపలన్నీ... ఎలా మాట్లాడను చెప్పు?"

ఆమె ట్రేలోంచి ఇంకో పిలక తీసింది.

"దానికి నేర్పింది నేనే. రెండుసార్లు చూడమని చెప్పా. మూడుసార్లు అని చెప్పి ఉండాల్సింది. నేర్పినవాడిదే తప్పు." మట్టి చేతుల్ని ప్యాంటుకి తుడుచుకున్నాడు. "చాలా రోజులైందనుకుంటా మాట్లాడి. ఇవాళ ఇంటికెళ్ళాక పిలిచి మాట్లాడతా. నాకు మతిమరుపమ్మా. నువ్వు కాస్త గుర్తుచేస్తావా?"

"చేస్తానండీ" అంది ఆమె. "తప్పకుండా చేస్తాను."

ఆ సాయంత్రం ఆమె స్నానం చేసి, తల దువ్వుకుని, కంచం తనే పట్టుకుని మేడెక్కింది. కొడుకు వ్యానుతో బయటికి వెళ్ళాడు. గుమ్మంలో ఆగకుండా లోపలికి వెళ్ళింది.

"మామయ్యా, కోడలితో మాట్లాడాలన్నారు. గుర్తుచెయ్యమన్నారు."

ఆయన తలెత్తి చూశాడు. ఆ చూపులో పొద్దుటి మనిషి లేడు. "ఎవరన్నారు? ఎవరు నిన్ను లోపలికి రానిచ్చారు? చేపల్ని చంపిన చేత్తో నాకు అన్నం తెస్తావా!" కంచాన్ని చేత్తో తోసేశాడు. అది నేల మీద దొర్లుకుంటూ వెళ్ళి మంచం కోడుకి తగిలి ఆగింది.

ఏడాదిన్నరగా ఆమె మోసిందంతా ఆ చప్పుడుతో కిందపడ్డట్టయింది.

"నేను కాదు" అంది. "తెరిచింది మీరు. మీరే మామయ్యా. సోమవారం పొద్దున రెండు కుళాయిలూ మీరే తిప్పారు. కట్టేశానన్నారు. కట్టలేదు."

అనగానే నోరు మూసుకుంది. అప్పటికే ఆయనకి చేరింది.

ఆయన వాదించలేదు. అబద్ధమనలేదు. కిటికీ వైపు చూశాడు, తర్వాత తన చేతుల వైపు చూసుకున్నాడు. "నేనా?" అన్నాడు. "చేపలన్నీ నేనేనా?"

లేచి మెట్లు దిగాడు. ఆమె పిలుస్తూ వెనకే వెళ్ళింది. పెరట్లో పాత ట్యాంకు ముందు మోకాళ్ళ మీద కూర్చుని అడుగు కుళాయి పట్టుకున్నాడు. అది కట్టే ఉంది, ఏడాది నుంచి కట్టే ఉంది, ట్యాంకులో చుక్క కూడా లేదు. అయినా బిగించాడు. మళ్ళీ బిగించాడు. ఇక తిరగనిదాన్ని రెండు చేతులా పట్టుకుని, భుజాలు అదిరేలా బిగిస్తూనే ఉన్నాడు. తుప్పు పట్టిన పిడి అరచేతిని కోసేసింది. "కడుతున్నా, కడుతున్నా, ఆగు" అంటున్నాడు ఎవరితోనో. రక్తం మణికట్టు మీదుగా కారింది.

ఆమె ఆయన చేతుల్ని ఊడదీసి తన ఒళ్ళో పెట్టుకుంది. "అబద్ధం చెప్పాను మామయ్యా. కోపంలో అబద్ధం చెప్పాను. నేనే. తెరిచింది నేనే, వదిలేసింది నేనే. మీరు ఆ రోజు ఇక్కడ లేనేలేరు."

"నేను కాదా?"

"కాదు. ఒట్టు."

ఆయన ఊపిరి మెల్లగా కుదుటపడింది. తర్వాత ఆమె ఒళ్ళోంచి చేతులు లాక్కున్నాడు. లేచి నిలబడి, ఆమె మొహం వైపు చూడకుండా, "ఛీ" అన్నాడు.

ఆమెకి ఆ మాట వినగానే ప్రాణం లేచొచ్చింది.

మర్నాడు ఆయన కొడుకుకి కట్టు చూపించి, "నా చెయ్యేమైంది?" అని అడిగాడు. కొడుకు ఆమె వైపు చూశాడు. మెట్ల రేకుకి గీరుకుందని చెప్పింది.

ఆ చలికాలం ఊపిరితిత్తులకి నిమ్ము చేరింది. ఆసుపత్రిలో వేశారు. ఆయన కింద పరిచిన దుప్పటి మూల తమ లాండ్రీ గుర్తు ఉందని కొడుకు గమనించాడు, కానీ ఎవరికీ చెప్పలేదు. ఆమె గదిలోకి వస్తే ఆయనకి ఆయాసం ఎక్కువవుతోందని నర్సు చెప్పింది. అందుకని ఆమె వరండాలో బల్ల మీద కూర్చుంది. ఆరు రోజులు కూర్చుంది. ఆరో రోజు మధ్యాహ్నం కొడుకు బయటికి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. అప్పుడు ఆమె లోపలికి వెళ్ళి, ఇక తనని తోసెయ్యలేని ఆ చేతిని పట్టుకుంది. అరచేతిలో మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది.

వాగు కొంత తేరుకుంది. రెల్లు నడుమెత్తు పెరిగింది. మూడో ఏడు చిన్నచేపలు పైనుంచి దిగాయి. బాతుల పిన్ని మళ్ళీ పన్నెండు పిల్లల్ని వదిలింది, కానీ ఒడ్డున కాపలా కూర్చోకుండా వాటిని నీళ్ళలోకి పోనివ్వదు. నెలకోసారి మేడమ్ నీళ్ళ పరీక్షకి సీసాలతో వస్తుంది. నీళ్ళు పట్టడం, రాళ్ళు తిరగెయ్యడం కోడలు తన పని చేసుకుంది. ఎగువన మూడు తోకల పురుగులు కనిపిస్తున్నాయి. లాండ్రీ వెనక మాత్రం ఒక్కటీ లేదు. ఇంకెన్నేళ్ళు పడుతుందని అడిగితే మేడమ్ భుజాలెగరేసింది. "రావచ్చు. రాకపోనూవచ్చు. బొక్క చేసుకోవడానికి ఎదుటి గట్టు ఇప్పుడు అంత నిటారుగా లేదు కాబట్టి లకుముకి రాదనుకుంటా" అంది.

నాలుగో ఏడు అలా సీసాలు నింపే ఒక పొద్దున కొడుకు కూడా ఆమెతో వచ్చాడు. రాయి మీద కూర్చుని, "పోయేముందు నాన్నకి నిజం తెలిసుంటే బావుండేది" అన్నాడు. "నీతో ఒక్క మాటైనా మాట్లాడి పోయేవాడు. నేనే పిరికివాణ్ణి, చెప్పలేకపోయా."

ఆమె రెండో సీసాకి మూత బిగించింది. "తెలుసు ఆయనకి" అంది. "ఒక పూట తెలుసు. నేను చెప్పాను."

అంతా చెప్పింది. కంచం, కుళాయి, రక్తం, ఒట్టు. మెట్ల రేకు అబద్ధం. ఆయన ఏమన్నాడో కూడా చెప్పింది. "చేపలన్నీ నేనేనా, అన్నారు. ఇంకేం అనలేదు. నేను ఆయన్ని అన్నేళ్ళు చూసుకున్నా కదండీ. ఆ ఒక్క మాట అడిగినప్పటి మొహమే ఉంది నాకు. మిగతావన్నీ ఎక్కడికో పోయాయి."

అతను ఆమె వైపు తిరగలేదు. కోప్పడతాడేమో అని చూసింది. ఊరడిస్తాడేమో అని కూడా చూసింది. అతను వంగి, నీళ్ళలో చేతులు ముంచి, అలాగే ఉంచాడు.

"నొప్పి అన్నాడా? చెయ్యి?" అన్నాడు.

"అనలేదు."

దిగువ నుంచి మేడమ్ మూడో సీసా తెమ్మని పిలిచింది. ఆమె బూట్లలో నీళ్ళు ఒంపేసుకుని, సీసా తీసుకుని రెల్లు పక్కనుంచి దిగి వెళ్ళింది. అతను నీళ్ళలోంచి చేతులు తియ్యకుండా అక్కడే కూర్చున్నాడు.